మోకాలి లోతు ఒకచోట, గాలం లోతు ఇంకోచోట

సెలవులకు విదేశాల నుంచి ఊరొచ్చిన పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్లడమంటే నెల్లూరు, ఒంగోలు వైపు చాలా ఇళ్లలో ఆదివారం సాయంత్రం మైపాడుకో కొత్తపట్నానికో కారేసుకుని పోవడమే. జనంలో గంటసేపు తడిసి, మొక్కజొన్న కంకి తిని, చీకటి పడేసరికి ఇల్లు చేరతారు. పిల్లలకు అది ఏ దేశంలోనైనా దొరికే బీచి. అదే ఒడ్డున పొద్దున్నే ఐదున్నరకు చేతికి గాలపు తాడిచ్చి నిలబెట్టండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూడాల్సొస్తుంది. పక్కన వల సర్దుకునే మనిషిని తెలుగులో అడగాల్సొస్తుంది. ఇంట్లో అవ్వ చూసే క్యాలెండర్‌లోని తిథి కూడా అవసరపడుతుంది. వీటిలో ఏదీ మనం పూనుకుని నేర్పేది కాదు, పని కోసం వాళ్లే అడిగి తెలుసుకుంటారు. అందుకే ఈ పని మీద శ్రద్ధ పెట్టమని తోటి తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. గాలానికి మంచి చోటు, పిల్లలు నీళ్లలో దిగడానికి మంచి చోటు దాదాపు ఎప్పుడూ వేరువేరుగానే ఉంటాయి. ఒడ్డు ఏటవాలుగా దిగి, అల కాళ్ల దగ్గరే విరిగితే అక్కడ నాలుగడుగుల్లోనే లోతు వస్తుంది. చేప దగ్గరికొస్తుంది కాబట్టి గాలానికి బాగుంటుంది, దిగడానికి మాత్రం పనికిరాదు. ఒడ్డు పలచగా పరుచుకుని, అల దూరంగా విరిగి నురగై పాకి వస్తే అక్కడ మోకాలి లోతు చాలా దూరం ఉంటుంది. పిల్లలు ఆడుకోవచ్చు, చేప మాత్రం అంతగా రాదు. ఒకే చోట రెండూ కావాలనుకుంటేనే ప్రమాదం. కొంత ఎడంగా రెండు చోట్లు చూసుకుని, గాలం వేసేటప్పుడు అందరూ పొడి ఇసుక మీద ఉండటం, దిగేటప్పుడు గాలాలన్నీ చుట్టేయడం అనే నియమం పెట్టుకోండి.

చోటు చూడటానికి ముందురోజు ఆటు సమయంలో, నీళ్లు బాగా తగ్గినప్పుడు వెళ్లాలి. అప్పుడు ఇసుక మెరకలు, వాటికీ ఒడ్డుకీ మధ్య ఉండే గాడి బయటపడతాయి. అల విరిగి తెల్లగా కనబడే చోట మెరక ఉంటుంది. ముదురు రంగులో నిమ్మళంగా కనబడేది గాడి. పోటు ఎక్కేటప్పుడు చేపలు ఆ గాడి వెంబడే మేతకు తిరుగుతాయి. అది చాలాచోట్ల పదిహేను, ఇరవై మీటర్ల లోపే ఉంటుంది కాబట్టి పిల్లలు విసిరే దూరం సరిపోతుంది. ఇక తెల్లటి నురగ వరసను కోసుకుంటూ ముదురు నీళ్ల చాలు సముద్రంలోకి పోతోందంటే, ఒడ్డుకెక్కిన నీళ్లన్నీ వెనక్కి లాక్కుపోయే దారి అదే. అలల్లేక ప్రశాంతంగా కనబడుతుంది కాబట్టి కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. దాని దరిదాపుల్లో దిగకూడదు. లాగేస్తే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు పొడవునా పక్కకు ఈది బయటపడాలని పిల్లలకు ఇంట్లోనే చెప్పి, తిరిగి చెప్పించుకోవాలి.

ఈ మాట మన పిల్లల విషయంలో మరీ ముఖ్యం. అక్కడ ఈత క్లాసులకు వెళ్లి కొలనులో చక్కగా ఈదుతారు. జెండాలు, ఎత్తుకుర్చీలో కాపలా మనిషి ఉన్న బీచిలే చూసుంటారు. ఇక్కడి ఒడ్డు చాలాభాగం ఏ కాపలా లేనిది. కొలను ఈతకు అల, లాగుడు, కలక నీళ్లు తెలియవు. ఈత వచ్చన్న ధైర్యం పిల్లలకంటే మనకే ఎక్కువ ఉంటుంది. లైఫ్ జాకెట్ సూట్‌కేసులో పెట్టుకురండి, ఇక్కడ పిల్లల సైజు అప్పటికప్పుడు దొరకడం కష్టం.

నీటి లాగుడు చూడటానికి కొబ్బరి డొక్క ఒకటి నీళ్లలో వేయించండి. అది ఒడ్డు వెంట నిమిషంలో ఇరవై అంగలు దాటి పోతుంటే ఆ పూట పిల్లల్ని దించొద్దు. గాలానికి బరువుగా కట్టే సీసం కూడా అక్కడ నిలవదు.

పోటు, ఆటుల లెక్క ఈ తీరంలో తేలిక. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులు నీళ్లు ఎక్కువ ఎక్కి ఎక్కువ దిగుతాయి, తేడా మీటరు దగ్గర ఉంటుంది. అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. గాలానికి పోటు ఎక్కే చివరి రెండు గంటలు, తిరిగే మొదటి గంట మంచివి. చిన్నపిల్లలు మొదటిసారి నీళ్లలో నిలబడటానికి అష్టమి దగ్గరి రోజులు నిదానంగా ఉంటాయి. కచ్చితమైన వేళలు కృష్ణపట్నం పేరుతో దొరికే పోటు పట్టికల్లో చూసుకోవచ్చు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరిక, వార్తల్లో వచ్చే కృష్ణపట్నం ఓడరేవు ప్రమాద సూచిక నంబరు కూడా ముందురోజు రాత్రి చూడాలి. ఏ నంబరు ఎగరేసినా సముద్రం ఆలోచన మానుకోండి.

మనం వచ్చే కాలం మన చేతిలో ఉండదు. డిసెంబరు సెలవులు ఈశాన్య రుతుపవనాల చివర్లో పడతాయి. అలలు పెద్దవి, నీళ్లు కలక, తుపాన్ల కాలం. 2023లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. ఆ నెలలో వచ్చేవాళ్లు బయటి సముద్రాన్ని చూడటానికే ఉంచుకుని గాలం కాలువల్లో వేసుకోవడం మేలు. జూన్‌లో వచ్చేవాళ్లకు ఎండ శత్రువు. ఎనిమిదిన్నరకల్లా తిరుగుముఖం పట్టాలి. అయితే జూన్ మొదట్లో ఒక వీలుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నవాళ్లకు పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక దొరుకుతుంది. ఒడ్డున నిలబడి చేతిగాలం వేసుకోవడానికి ఆ నిషేధం అడ్డు కాదు.

ఊళ్ల సంగతికొస్తే, నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల దూరం. జనం చేరే చోటు వదిలి ఉత్తరానికో దక్షిణానికో కిలోమీటరు నడిస్తేనే గాలం విసరడానికి చోటుంటుంది. తోటపల్లిగూడూరు మండలం కోడూరు, విడవలూరు మండలం రామతీర్థం, అల్లూరు వైపు ఇసకపల్లి, కావలి దగ్గర తుమ్మలపెంట కూడా చూడదగ్గవే. ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం, సింగరాయకొండ వైపు వాళ్లకు పాకాల దగ్గర. ఇవన్నీ బయటి సముద్రపు ఒడ్లే. ఒక్క వాయుగుండం దెబ్బకు గాళ్లు, మెరకలు మారిపోతాయి కాబట్టి పోయిన సంవత్సరం బాగున్న చోటును ఈసారీ కొత్తగా చూసుకోవాలి.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఒడ్డు కంటే తీరానికి సమాంతరంగా పోయే బకింగ్‌హాం కాలువ, దానిలో కలిసే చిన్న ఉప్పునీటి పాయలు ఎంతో మేలు. అల ఉండదు, బెండు కదలడం కళ్లెదుట కనబడుతుంది. గట్టిగా ఉన్న గట్టు, కాలువ మలుపులో బయటి వైపు, రెండు పాయలు కలిసే చోటు చూడండి. అక్కడ దిగడం మాత్రం వద్దు. ఒడ్డు బురదలో పిల్లవాడి కాలు మోకాలి దాకా దిగబడితే లాగేకొద్దీ ఇంకా కూరుకుంటుంది, చెప్పు లోపలే పోతుంది, చిప్పల అంచులు కోస్తాయి. రొయ్యల గుంటల మురుగు కాలువ కలిసే చోట చేప గుమిగూడుతుంది. కానీ ఆ గట్లు సొంతదారులవి, అడగకుండా ఎక్కకూడదు. మోటార్ల కరెంటు తీగలు నేల మీదే పోతుంటాయి, తడికాళ్లతో వాటి దగ్గరకు పిల్లల్ని పోనివ్వకండి.

నదీ ముఖాల గురించి ఒకటే మాట. ఊటుకూరు దగ్గర పెన్న, కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయ సముద్రంలో కలిసే చోట చేప బాగా ఉంటుంది, ఆటు వేళ లాగుడు భయంకరంగా ఉంటుంది. మోకాలి లోతులో కూడా పిల్లలు నిలవలేరు. ఓడరేవు, విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల ప్రాంతం ఎలాగూ మనది కాదు. పెన్న ఇసుకలో నడిచేటప్పుడు ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద కనబడవు. వెదురు కర్రతో ముందు పొడిచి చూసి అడుగేయాలి. ఎగువ సోమశిలలో గేట్లు ఎత్తారని తెలిస్తే నదిలో దిగనే వద్దు. చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలకు లీజులో ఉంటుంది, అడిగి వేసుకోవాలి.

సామాను ఎక్కువ అక్కర్లేదు. నలభై మీటర్ల తంగూసు (నైలాన్ దారం), మందం 0.40 నుంచి 0.45 మిల్లీమీటర్లు, అరలీటరు నీళ్ల సీసాకు చుట్టితే చేతిగాలం తయారు. విసిరేటప్పుడు సీసా మూతి విసిరే వైపు చూపిస్తే దారం వలయాలుగా జారిపోతుంది. అడ్డంగా పట్టుకుంటే చిక్కు పడుతుంది. చివర సీసం, దానికి జానెడున్నర పైన పక్కకు జానెడు దారం, దాని కొసకు గాలం. గాలం 6 నుంచి 8 నంబరు చాలు. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. సీసం కాలువలో 10 గ్రాములు, ఒడ్డున 40 నుంచి 60. గుండ్రటిది దొర్లి ఒడ్డుకే వచ్చేస్తుంది, చదునైనదాన్ని కొనండి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తంగూసు అక్కడే బలహీనపడి, మంచి చేప పడినప్పుడే తెగుతుంది. గాలం ముల్లుకున్న ఎదురు కొక్కేన్ని పట్టకారుతో నొక్కేయండి. దారం బిగువుగా ఉంచితే చేప జారదు, పిల్లల వేలికి గుచ్చుకుంటే మాత్రం సులువుగా వచ్చేస్తుంది.

ఎరకు చిన్న రొయ్యలు వంద గ్రాములు ముందురోజు కొని, పెంకు తీసి, రెండు చెంచాల కల్లుప్పు కలిపి గంట ఉంచి నీళ్లు వంచేయాలి. కండ గట్టిపడి గాలానికి నిలుస్తుంది. ఉప్పు పట్టని రొయ్య విసిరిన ఊపుకే ఊడిపోతుంది, ఖాళీ గాలంతో పిల్లవాడు అరగంట ఎదురుచూస్తాడు. ముక్క చిటికెన వేలి గోరంత ఉండాలి. పెద్ద ముక్క పెడితే అంచులు కొరుక్కుని పోతాయి. ఎర పదేపదే మాయమవుతూ దారం మెల్లగా పక్కకు లాగుతుంటే పీతల పని, పది అడుగులు జరగండి.

ఒడ్డు ఖాళీగా కనబడినా అది పాళెం (మత్స్యకారుల పల్లె) వాళ్ల పని చోటు. ముందు వెళ్లి అక్కడి పెద్దవాళ్లను పలకరించాలి. “యాడన్నా లోతు? ఈ గాలికి నీళ్లు ఏ పక్కకు లాగుతాయి?” అని పిల్లల చేతే అడిగించండి. ఉచ్చారణ తడబడినా ఓపిగ్గా చెబుతారు, చేయి పట్టుకెళ్లి చూపిస్తారు. పడవలు దిగే దారిలో, అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) తాళ్లు లాగుతున్న చోట గాలం వేయకూడదు. వల లాగడానికి పిల్లలు ఒక చేయి వేస్తామంటే సాధారణంగా కాదనరు. ఊరికే ఇచ్చే చేపలు తీసుకునే బదులు రెండు కిలోలు కొనడం మర్యాద. అడగకుండా ఫోటోలు తీయొద్దు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, రాత్రి టార్చి లైట్లతో తిరగకండి.

దెబ్బల్లో తరచుగా తగిలేది జెల్ల చేప ముల్లు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు, మూడింటికీ విషం ఉంటుంది. పిల్లల్ని ముట్టనివ్వక పట్టకారుతో గాలం తీయండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకు పైగా ముంచితే నొప్పి తగ్గుతుంది. నీళ్ల వేడి ముందు మీ చేత్తో చూసుకోవాలి, నొప్పిలో పిల్లలకు కాలేది తెలియదు. తర్వాత డాక్టరుకు చూపించండి. ఇసుకలో టేకు చేప (తోకకు విషపు ముల్లుండేది) పడుకుని ఉంటుంది కాబట్టి నీళ్లలో కాలు ఎత్తి వేయకుండా ఇసుక మీద జరుపుకుంటూ నడవాలి. పాదాలకు బూట్లే వేయండి, స్లిప్పర్లు అలకు కొట్టుకుపోతాయి. పాము పడితే దారం కోసేయండి. పొట్ట బెలూన్‌లా ఉబ్బే చేప వండినా విషమే, ఎవరింటికీ ఇవ్వకూడదు.

పట్టిన చేపను ఏం చేయాలన్నది వెళ్లకముందే పిల్లలతో మాట్లాడుకోవాలి. అక్కడ పట్టి వదిలేయడం నేర్చుకున్న పిల్లలకు, అవ్వ బూడిద రాసి పొలుసు తీయడం చూస్తే దిగులు కలగొచ్చు. అరచేతికంటే చిన్నవి తడిచేత్తో పట్టుకుని నీళ్లలోనే గాలం తీసి వదిలేద్దాం, పెద్దవి ఇంటికి అని ముందే ఒప్పందం పెట్టుకుంటే ఇద్దరి పద్ధతీ నిలుస్తుంది. ఇంటికి తెచ్చేవాటికి ఐసు పెట్టె ఉండాలి, జూన్ ఎండలో గంటకే చేప మెత్తబడుతుంది. పొలుసు తీయనని మొరాయిస్తే బలవంతం చేయకండి, పులుసులోకి మామిడికాయ ముక్కలు కోసే పని ఇవ్వండి.

తెగిన తంగూసు ఒడ్డున వదలకుండా సీసాలో కుక్కి తెచ్చేయాలి, పక్షుల కాళ్లకు, వలలకు చుట్టుకుంటుంది. తిరుగు ప్రయాణంలో గాలాలు, సీసపు బరువులు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. చేతిగాలం, బూట్లు మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు మట్టి అంటిన బూట్లు, వాడిన చేపల సామాను దిగగానే చూపించి చెప్పాల్సి ఉంటుంది. బూటు అడుగున ఇరుక్కున్న కాలువ బురదను పాత బ్రష్‌తో ముందురోజే తీసేసుకోండి.