రెండు తాళాల పెట్టె

1617 ఆగస్టు 20, ఆదివారం. ఫ్రాన్స్‌లో షాటియోన్ అనే చిన్న ఊరు. విన్సెంట్ దె పౌల్ ఫాదర్ గారు పూజకు వస్త్రాలు వేసుకుంటున్నారు. అప్పుడే కబురొచ్చింది: ఊరవతల ఒక ఇంట్లో అందరూ మంచం పట్టారు, గంజి కాచి పోసే దిక్కు కూడా లేదని. ఆయన ప్రసంగంలో ఆ సంగతే చెప్పారు. పూజ అయ్యాక ఆ ఇంటికి బయల్దేరితే దారి పొడవునా ఆడవాళ్లే. కొందరు వెళ్తున్నారు, కొందరు తిరిగొస్తున్నారు. అందరి చేతుల్లోనూ తిండే. ఒక్కరోజులో చేరిన ఆ తిండి ఇంటిల్లిపాదీ తిన్నా తరగదు. మిగిలింది పాడవుతుంది, నాలుగు రోజులకు మళ్లీ పస్తు. జాలికి కరువు లేదు, వంతులే లేవని ఆయన గ్రహించారు. మూడు రోజుల్లో ఆ ఆడవాళ్లను కూర్చోబెట్టి ఎవరే రోజు వెళ్లాలో తేల్చారు. డిసెంబరు 8కల్లా రాసిపెట్టుకున్న నియమావళితో సంఘం నిలబడింది. ఇవాళ ఏఐసీ పేరుతో యాభైకి పైగా దేశాల్లో ఉన్న మహిళల సేవాసంఘానికి మొదలు అదే.

బెంగళూరు విచారణల్లో, అంటే ఒక్కో కతోలిక గుడి పరిధిలో, మన తెలుగు ఆడవాళ్లు నడిపే సంఘాలకు ఆ పాత నియమావళి ఇప్పటికీ పనికొస్తుంది. భక్తి పుస్తకంలా కాదు, పనివాళ్ల చిట్టాలా రాసిన కాగితం అది. రోగి దగ్గరికి నవ్వుముఖంతో వెళ్లాలి, మంచం మీద పళ్లెం సర్దాలి, గుడ్డ పరవాలి, చేతులు కడగాలి, జపం చెప్పాలి, మాంసం ముక్కలు చేసి పెట్టాలి. అన్నిటికన్నా గొప్ప మాట చివర్లో ఉంటుంది. ఇంట్లో తోడున్న రోగితో మొదలుపెట్టి, ఎవరూ లేని ఒంటరి దగ్గర ముగించాలి, అక్కడైతే ఎక్కువసేపు కూర్చోవచ్చని. మన వంతుల పట్టీలు సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటాయి. ఇల్లు దగ్గరని, లిఫ్ట్ ఉందని, కాఫీ ఇస్తారని ఒక వరస తయారవుతుంది. మెట్లెక్కాల్సిన మూడో అంతస్తు ముసలమ్మ వంతు వచ్చేసరికి సాయంత్రం ఆరవుతుంది, పిల్లల ట్యూషన్ గుర్తొస్తుంది.

ఏ సంఘం పని ఏమిటో ముందు తేల్చుకోవాలి, చాలా గొడవలు అక్కడే పుడతాయి. విన్సెంట్ దె పౌల్ పేరుతో ఉన్న సంఘాలు ఇంటికెళ్లి చూసి, అవసరమైతే బియ్యమో మందో ఇస్తాయి. లీజియన్ ఆఫ్ మేరీ, అంటే మరియ సేన, అలా కాదు. 1921 సెప్టెంబరు 7న డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్, ఎక్కువమంది ఆడవాళ్లతో మొదలైన సేన అది. వాళ్ల మొదటి పని కూడా ఆసుపత్రి వార్డులో రోగుల్ని చూడటమే. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, వారానికి కనీసం రెండు గంటలు పని చేయాలి, కానీ డబ్బూ వస్తువులూ పంచకూడదు. ఈ తేడా తెలియని కొత్త సభ్యురాలు మరియ సేన తరఫున వెళ్లి ఐదువందలు ఇచ్చి వస్తుంది. వచ్చే వారం ఆ ఇంట్లో ఎదురుచూసేది జపమాల కోసం కాదు.

డబ్బు దగ్గరికి వద్దాం. షాటియోన్ నియమావళిలో సొమ్ము పెట్టెకు రెండు వేర్వేరు తాళాలు, రెండు చెవులూ ఇద్దరి దగ్గర. చిల్లర ఖర్చులకు కొద్దిపాటి సొమ్ము మాత్రమే కోశాధికారి చేతిలో ఉండాలి. ఎవరి మీదో అనుమానంతో పెట్టిన ఏర్పాటు కాదిది, మీద పడే అనుమానం నుంచి కోశాధికారిని కాపాడటానికే. మన దగ్గర ఆ రెండు తాళాలకు బదులు కోశాధికారి సొంత గూగుల్ పే నంబరు నడుస్తోంది. సంఘం సొమ్ములో ఆవిడ ఇంటి పాలబిల్లు కలుస్తుంది. ఫోన్ పోతే లెక్క పోతుంది. ఆవిడే ఆసుపత్రిలో చేరితే పిల్లలు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఏది అమ్మది, ఏది గుడిది అని తల పట్టుకుంటారు. సంఘం పేరున ఖాతా తెరిచి, ఇద్దరు సంతకం చేస్తేనే సొమ్ము బయటికి వచ్చేలా పెట్టుకోవాలి. కానుకలు గుడి ఆవరణ దాటకముందే ఇద్దరు లెక్కపెట్టాలి. ఐదువందలవి ఎన్ని, వందలవి ఎన్ని అని చీటీ రాసి ఇద్దరూ సంతకం పెట్టి, మర్నాడే బ్యాంకులో కట్టాలి. చేతిలో ఉంచే చిల్లరకు ఒక హద్దు పెట్టి, అది మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి.

ఇంకో రెండు మాటలు. కతోలిక శ్రీసభ చట్టం 1267వ సూత్రం మూడో భాగం ప్రకారం ఒక పనికని ఇచ్చిన కానుక ఆ పనికే వాడాలి. కీమో మందులకని వచ్చిన పదివేలు మరియమాత పండుగ పూలకు మళ్లించడం అప్పు కింద కూడా కుదరదు. రెండోది, అమెరికాలో ఉన్న అమ్మాయి పంపే డబ్బు. ఆమె ఇప్పటికీ భారత పౌరురాలై, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నదైతే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ముందే అడిగితే మొహమాటం ఒక్క ఫోన్ కాల్‌తో పోతుంది. డబ్బు ఖాతాలో పడ్డాక అడిగితే అంత తేలిగ్గా పోదు.

బెంగళూరులో తెలుగు ఆడవాళ్లకున్న ప్రత్యేకమైన పని ఆసుపత్రి సేవ. హోసూరు రోడ్డు పక్కన కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి, దాని పక్కనే నిమ్‌హాన్స్, ఇంకాస్త ముందుకెళ్తే సెయింట్ జాన్స్. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి వచ్చే రోగులకు ఇక్కడ మొదటి కష్టం జబ్బు కాదు, భాష. రేడియేషన్ చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు నడుస్తుంది. ఒక్కో రోజు పని పది, పదిహేను నిమిషాలే, మిగతా రోజంతా ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఏ కౌంటర్లో ఏ కాగితం ఇవ్వాలి అన్నదే బాధ. అక్కడ పక్కన నిలబడి "ఆ చీటీ నాకు చూపించమ్మా" అనే మనిషి విలువ పళ్ల బుట్టకు రాదు. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లను మొదట అడగాల్సింది ఆరోగ్యశ్రీ కార్డు సంగతి, ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. 2019 నవంబరు నుంచి బెంగళూరులోని కొన్ని ఆసుపత్రుల్లోనూ కొన్ని చికిత్సలకు అది చెల్లేలా చేశారు. ఆ సంగతి తెలియక పుస్తెలు తాకట్టు పెట్టి వచ్చేవాళ్లు ఉంటారు. ఇక్కడే కాపురం పెట్టిన కుటుంబమైతే రేషన్ కార్డు అడగాలి. జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డైతే ఆంధ్రదైనా సరే ఇక్కడి డిపోలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. సంఘం కొనిచ్చే పది కిలోల సంచి ఒక్కసారే, అది నెలనెలా.

ఇక పరామర్శలో జరిగే తప్పులు. వీటిని ప్రతి కొత్త సభ్యురాలికీ నోటితో చెప్పాలి, కాగితం ఇచ్చి ఊరుకుంటే చదవరు. తలలో మల్లెపూలు పెట్టుకుని కీమో వార్డుకు వెళ్లకూడదు. మనకు సువాసన, వాళ్లకు ఆ వాసనకే కడుపులో తిప్పుతుంది. కీమోలో తెల్లరక్తకణాలు పడిపోతాయి కాబట్టి జలుబున్న మనిషి ఆ వారం వంతు మార్చుకోవాలి, పూలగుత్తులూ కోసిన పళ్లూ తీసుకెళ్లకూడదు. నోరు పుండైనవాళ్లకు ఆవకాయ మెతుకు తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. పలుచటి రాగిజావ, చల్లారాక, కారం లేకుండా. అన్నిటికన్నా ప్రమాదం కొబ్బరినీళ్లతో. మన చేతికి మొదట తగిలేది అదే, ఆసుపత్రి గేటు బయటే బోండాల బండి ఉంటుంది. డయాలసిస్ రోగికి పొటాషియం బయటికి పోదు. కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి రసం ఆ పొటాషియాన్ని ఇంకా పెంచుతాయి, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. ఆపరేషన్‌కు ముందు పస్తున్న మనిషికి "పాపం, గుక్కెడు నీళ్లు" అని పోస్తే, మత్తులో అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే సంచి విప్పేముందు వార్డు నర్సును అడగాలి. వెళ్లేది ఇద్దరు, ఉండేది పదిహేను నిమిషాలు. "ఎన్నాళ్లంటున్నారు డాక్టర్లు?" అన్న ప్రశ్న ఎవరి నోటా రాకూడదు.

విశ్వాసం సంగతి ఇక్కడే తేలుతుంది. పక్క మంచం ఆమె హిందువో ముస్లిమో అయితే, జపం చేయమంటారా అని అడిగి, వద్దంటే నవ్వి ఊరుకోవాలి. సేవను మతం మార్చే సాధనంగా వాడకూడదని 2005లో బెనెడిక్ట్ పాపుగారు తన మొదటి విశ్వలేఖలో, అంటే శ్రీసభ అంతటికీ రాసిన లేఖలో, స్పష్టంగా రాశారు. కతోలిక రోగి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పవిత్రపరచిన అప్పం, కోరితే, దానికి నియమితులైన మనిషే గుడి నుంచి నేరుగా తీసుకెళ్లాలి, దారిలో కూరగాయల మార్కెట్ దగ్గర ఆగి కాదు. దాన్ని తీసుకునే ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం రోగులకూ ముసలివాళ్లకూ వర్తించదు, వాళ్లను చూసుకునేవాళ్లకు కూడా వర్తించదు. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. తల్లి మంచం పక్కన ఇప్పుడే ఇడ్లీ తిన్న కూతురు "నేను తిన్నానండీ" అని వెనక్కి జరుగుతుంది, ఆమెనూ పిలవాలి. మింగలేని మనిషికి చిన్న తునక చాలు, వెంటనే చెంచాడు నీళ్లు పట్టాలి. రోగికి పవిత్ర తైలం పూసే అభ్యంగనం మాత్రం గురువు పని, అంటే ఫాదర్ గారిది. దాన్ని అవస్థ అభ్యంగనం, అంటే చావుబతుకుల్లో ఇచ్చేది, అన్న రోజుల భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఫాదర్ గారిని పిలుద్దామంటే "అంతదాకా వచ్చిందా?" అని ఏడుస్తారు. అందుకే పెద్ద ఆపరేషన్‌కు ముందే, మనిషి మాట్లాడుతుండగానే, అది వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అని విడమరిచి చెప్పాలి.

వంట గురించి టూకీగా. యాభై మందికి మధ్యాహ్నం భోజనమంటే బియ్యం ఆరు కిలోలు, కందిపప్పు రెండు కిలోలు సరిపోతాయి. పండుగ రోజు మాత్రం ఒక కిలో ఎక్కువ. దూరం మోయాలంటే పులిహోర నిలుస్తుంది. పెరుగన్నమైతే అన్నం మెత్తగా వండి చల్లార్చి, కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి మూత పెట్టాలి. డబ్బా తెరిచే వేళకు తోడుకుని కమ్మగా ఉంటుంది. పొద్దున్నే పెరుగు దండిగా కలిపేస్తే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. సాంబారు వేడి తగ్గాక రెండు గంటలకు మించి ఉంచకూడదు.

పారిస్‌లో విన్సెంటుగారి ఇదే సంఘం గొప్పింటి ఆడవాళ్ల చేతికి వచ్చినప్పుడు, కొందరు తాము వెళ్లకుండా పనిమనుషుల చేత తిండి పంపడం మొదలుపెట్టారు. విధవరాలైన లూయిస్ దె మరియాక్ 1629 నుంచి ఊరూరా తిరిగి సంఘాల పనీ లెక్కలూ చూసేది. రోగి దగ్గర స్వయంగా నిలబడే పల్లెటూరి పిల్లల్ని చేర్చుకుని, 1633లో ఆవిడా విన్సెంటుగారూ వేరే సమాజమే స్థాపించారు. బెంగళూరులో ఈ సమస్య కొత్త రూపంలో ఉంది. సంఘంలో అపార్ట్‌మెంట్ అక్కలూ ఉంటారు, ఆ అపార్ట్‌మెంట్లలోనే పనిచేసే చెల్లెళ్లూ ఉంటారు. డ్రైవరు చేత క్యారేజీ పంపిన ఆవిడ మీటింగులో గంట మాట్లాడుతుంది, మంచం పక్కన కూర్చున్న మనిషి గుమ్మం దగ్గర నిలబడుతుంది. నా లెక్కలో నాయకురాలి అసలు పని ఇక్కడుంది. మొదట చూసొచ్చినవాళ్ల మాట, ఆ తర్వాతే ఇచ్చినవాళ్ల మాట. మీటింగు ఆదివారం పొద్దున పెడితే ఇళ్లలో పనిచేసేవాళ్లు రాలేరు, మూడు గంటలకు పెడితే వస్తారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాబట్టి మినిట్స్ పైకి చదవాలి, వాట్సాప్‌లో రాతకన్నా వాయిస్ మేలు. సాయం అందుకున్న ఇంటి పేరు ఆ గ్రూపులో రాకూడదు. సంచి చేతికిస్తూ తీసిన ఫోటో అసలే వద్దు, ఆ ఇంటి పిల్లాడు రేపు మన పిల్లల పక్కనే జ్ఞానోపదేశం క్లాసులో కూర్చుంటాడు.

మీటింగు జపంతో మొదలవ్వాలి, గంటన్నరకు మించకూడదు. పోయిన వారం పని ఏమైందో ముందు, పండుగ చీర రంగు ఆఖర్న. ఈ వరస తిరగబడితే చీర రంగుతోనే పొద్దు గూకుతుంది.

పదవి మార్పు. మరియ సేనలో పదవి మూడేళ్లు, వరసగా రెండు దఫాలకు మించదు. మిగతా సంఘాలూ ఈ లెక్క పెట్టుకుంటే నష్టం లేదు. పదేళ్లు ఒకరే అధ్యక్షురాలైతే పనంతా ఆవిడ తలలోనే ఉంటుంది, ఆవిడ కొడుకు దగ్గరికి పుణె వెళ్లిపోతే సంఘం కూడా రైలెక్కినట్టే. కొత్తావిడకు అప్పగించాల్సినవి: మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకాలు వాడినవీ వాడనివీ, బ్యాంకు పాస్‌బుక్, చెక్కుబుక్కు, వంటపాత్రల జాబితా, పరామర్శించే ఇళ్ల చిరునామాలు, ఒక్కో ఇంట్లో ఏం తినకూడదో రాసిన కాగితం. విచారణ గురువుల ముందు ఇద్దరూ తేదీ వేసి సంతకం చేయాలి. అదే వారంలో బ్యాంకులో సంతకాలు మార్పించాలి. అందరూ మర్చిపోయేది వాట్సాప్ గ్రూపు అడ్మిన్. అది మారనంతకాలం కొత్త అధ్యక్షురాలు పెట్టిన ప్రతి మెసేజ్ కిందా పాత అధ్యక్షురాలి సవరణ ఒకటి వస్తూనే ఉంటుంది.