కూల్చిన ఇళ్ల గోడ

షాంఘైలో రైలెక్కితే రెండు గంటల్లో చైనా తూర్పు తీరంలోని నింగ్‌బో నగరం చేరాను. స్టేషన్ నుంచి ఆ నగరంలోని యిన్‌ఝౌ ప్రాంతం వైపు వెళ్తుంటే దారంతా వెడల్పాటి రోడ్లు, అద్దాల టవర్లు. ఆ వీధులను ఫొటో తీసి చూపిస్తే ఏ దేశమో ఎవరూ చెప్పలేరు. ఈ కొత్త పట్టణం కోసం ఇక్కడున్న దాదాపు 30 పల్లెలను నేలమట్టం చేశారు. ఆ పల్లెల ఇటుకలు చూద్దామనే ఇంత దూరం వచ్చాను.

అవి ఉన్నది 2008లో తెరిచిన నింగ్‌బో మ్యూజియం గోడల్లో. దూరానికి ఏదో కొండను నిలువునా నరికినట్టుంది. దగ్గరికి వెళ్తే బూడిదరంగు ఇటుకలు, వాటి మీద సన్నగా పేర్చిన నల్ల పెంకులు, ఉన్నట్టుండి నాలుగు ఎర్ర ఇటుకలు, మళ్లీ పెంకులు. ఒకదాని అంచు విరిగింది. ఇంకోటి పక్కదాని కంటే కాస్త ముందుకొచ్చింది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

ఈ కట్టుబడిని అక్కడ 'వాపాన్' అంటారు. తుఫానుకి ఇల్లు కూలితే, చేతికందిన పెంకూ ఇటుకా కలిపి ఊరివాళ్లు గబగబా గోడ లేపుకొనేవారట. కాంక్రీటు వచ్చాక ఆ పనితనం మరుగున పడింది. ఆర్కిటెక్ట్ దంపతులు వాంగ్ షూ, లూ వెన్‌యూ దాన్ని 24 మీటర్ల ఎత్తు భవనానికి ఎక్కించారు. కొత్త భవనానికి డ్రాగన్ బొమ్మో వంపు కప్పో తగిలించి 'మన సంస్కృతి' అనడం చాలాచోట్ల చూశాను. అలాంటిదేదీ ఇక్కడ లేదు. ఆ నేల మీది మేస్త్రీల పనితనం ఉంది. నా మనసుకు పట్టింది అదే.

మిగతా గోడలు కాంక్రీటువి. వాటి సెంట్రింగ్‌కి వెదురు వాడారు. వేలితో తడిమితే ఒక్కో కణుపూ తగులుతుంది.

అయినా గుండెలో ఏదో బరువు. గోడ ఎంత బాగున్నా ఆ ఊళ్లు తిరిగి రావు కదా! ఒకావిడ ఈ మ్యూజియానికి పదే పదే వచ్చేదని, తను బతికిన చోటి ఆనవాళ్లు ఇక్కడ తప్ప ఇంకెక్కడా మిగల్లేదని చెప్పిందని వాంగ్ షూ ఒకసారి అన్నారు. ఆయనకు 2012లో ఆర్కిటెక్ట్‌లకిచ్చే పెద్ద పురస్కారం ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. నాకు మాత్రం ఆవిడ మాటే ఎక్కువ గుర్తుంది.

సాయంత్రం మెట్లెక్కి పైకి వెళ్లాను. ఒరిగిన రెండు గోడల సందులోంచి టవర్లు కనిపించాయి. ఒక పెద్దాయన వాటి వైపు చూడటం లేదు. గోడకు బాగా దగ్గరగా నిలబడి, పెంకులు ఒక్కొక్కటే చూసుకుంటూ మెల్లగా నడుస్తున్నాడు.