మోకాలు వంచంగానే టక్!

మా పిల్లోడు ముక్కలు బిగించి చేసిన గుండం (జపాన్ కార్టూన్ రోబో) ప్లాస్టిక్ బొమ్మ కాలు ఇందాకే ఊడింది. కడప ఎండ కాదప్పా కారణం. ముక్కలన్నీ బిగించేసినాక, గాడులు గీతల్లా కనపడాలని ఎనామెల్ ఇంకు పోసినాడు. బిగుతుగా ఉన్న కీలులోకి ఆ ఇంకులోని థిన్నర్ పాకితే ప్లాస్టిక్ బీటలేస్తుంది, ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ అయితే మరీ తొందరగా.

1980లో జపాన్ బొమ్మల కంపెనీ బందాయ్ తెచ్చిన తొలి గుండం కిట్లు జిగురుతో అతికించేవి. ఇప్పటివి నొక్కితే బిగుసుకుంటాయి. ఎంత హాయి! కానీ ఆ బిగుతు దగ్గరే పగులు మొదలు.

అందుకే ముక్కలు విడిగా ఉన్నప్పుడే గీతలు పెట్టాల. ముందు నిగనిగలాడే పారదర్శక పూత (గ్లాసీ క్లియర్ కోటు), పూర్తిగా ఆరనియ్యాల. తర్వాత సన్న మొనతో ఒక్క చుక్క, గాడి దానంతటదే లాక్కుంటుంది. మిగిలిన మరకకి లైటర్ ఫ్లూయిడ్ అద్దిన ఇయర్‌బడ్. కారేంత తడి వద్దు.

కీళ్లకి మాత్రం నీళ్లలో కలిసే అక్రిలిక్కే వాడండి.