మడత ప్రొపెల్లర్ పురోగతి: ముడుచుకోని కింది రెక్క

నా నమూనా తెరచాప పడవకు ఉన్నది మడత ప్రొపెల్లర్, అంటే మోటారు ఆగినప్పుడు రెక్కలు వెనక్కి ముడుచుకునే రకం. తెరచాప మీద నెమ్మదిగా సాగేటప్పుడు 60 డిగ్రీల దాకా తెరుచుకొని వేలాడిన కింది రెక్క ఇప్పుడు 25 డిగ్రీల దగ్గర నిలుస్తోంది. నాకు ఇది ఎంతో సంతోషం కలిగించింది, అయితే రెక్క పూర్తిగా ముడుచుకునే వరకు ఈ పని ముగిసినట్లు కాదు.

1.2 మీటర్ల పొడవు, 6 కిలోల బరువు ఉన్న ఈ నమూనా పడవలో మిగిలినవన్నీ కుదురుకున్నాయి. పడవ అడుగున ఉండే కీల్ దగ్గర నీటి ఊట ఆగింది, తెరచాప తాళ్లను లాగే వించి సాఫీగా తిరుగుతోంది. రాయల చెరువులో సాయంత్రం గాలి పడిపోతే కట్ట దాకా తిరిగి రావడానికి మోటారు తప్పనిసరి కాబట్టి, తెరచాప మీద వెళ్లేంతసేపు నీటిలో ఈడ్చుకొచ్చే ప్రొపెల్లర్‌ను ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

నిజమైన పెద్ద పడవల వారి మధ్య కూడా ఈ వాదన పాతదే. షాఫ్ట్‌ను, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీని, బిగించి ఉంచితేనే ఈడ్పు తక్కువని నమ్మేవారు చాలామంది ఉన్నప్పటికీ, స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన కొలతలు స్థిర రెక్కల ప్రొపెల్లర్ స్వేచ్ఛగా తిరిగితేనే ఈడ్పు తగ్గుతుందని చూపాయి. పడవ ఇంజిన్లు తయారుచేసే యాన్మార్ కూడా తెరచాప ప్రయాణంలో గేరును న్యూట్రల్‌లోనే ఉంచమంటుంది. మడత ప్రొపెల్లర్‌కు మాత్రం షాఫ్ట్ ఆగితే తప్ప రెక్కలు ముడుచుకోవు. నమూనా పడవలో షాఫ్ట్ గంటల తరబడి వృథాగా తిరిగితే దాని చుట్టూ ఉండే గొట్టంలోని గ్రీజు పలుచబడి నీరు లోపలికి వస్తుంది కాబట్టి, నా దృష్టిలో చిన్న పడవకు మడత రకమే సరైనది.

చంద్రగిరి దగ్గర ఒక మామిడి తోటలో, షీటు పరిచిన నీటికుంటలో, పడవ ముక్కు దగ్గర లాగుడు బలాన్ని కొలిచే లోడ్ సెల్ అమర్చి, మోటారు చక్రంతో దారం చుట్టి సెకనుకు 0.4 మీటర్ల వేగంతో లాగించి చూశాను. రెక్కలను దారంతో కట్టేసినప్పుడు ఈడ్పు 23 గ్రాములు, కింది రెక్క వేలాడినప్పుడు దాదాపు 25 గ్రాములు. అదే వ్యాసం గల స్థిర ప్రొపెల్లర్ స్వేచ్ఛగా తిరిగితే 26, బిగించి ఉంచితే 28. అంటే రెక్క వేలాడితే మడత వల్ల వచ్చే లాభం చాలావరకు పోతోంది.

రెక్క ఎందుకు వేలాడుతోంది? ఒక్కో ఇత్తడి రెక్క నీటిలో సుమారు 3.5 గ్రాములు తూగుతుంది. సెకనుకు 0.7 మీటర్ల వేగంలో నీటి తోపుడు దాని తెరుపును 40 డిగ్రీలకు తగ్గించగలుగుతుంది కానీ, 0.4 వేగంలో తోపుడు మూడో వంతుకు పడిపోయి బరువే గెలుస్తుంది. గాలి తక్కువై ప్రతి గ్రామూ ముఖ్యమైన వేళలోనే రెక్క ఎక్కువగా తెరుచుకోవడం నన్ను బాగా విసిగించింది. రెక్కలు రెండూ అడ్డంగా, ఒకటి ఎడమకు ఒకటి కుడికి ఉండేలా షాఫ్ట్‌ను ఆపితే బరువు రెక్కను తెరవలేదు. అందుకే షాఫ్ట్ మీద రెండు అయస్కాంతాలు, పక్కన వాటిని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టి, అడ్డంగా వచ్చిన క్షణంలో మోటారు ఆగేలా చేశాను. అయినా షాఫ్ట్ అటో ఇటో 10 డిగ్రీలు పక్కకు జరిగేది. మోటారు వేగాన్ని నియంత్రించే స్పీడ్ కంట్రోలర్‌లోని బ్రేకు కదలికను అడ్డుకుంటుందే తప్ప షాఫ్ట్‌ను ఒకచోట పట్టి ఉంచలేదు.

చివరికి కారణం మోటారులోనే దొరికింది. మూడు స్లాట్ల (తీగ చుట్టే గాడుల), రెండు అయస్కాంత ధ్రువాల 380 రకం మోటారు ఒక చుట్టులో ఆరు చోట్ల తనంతట తాను చిక్కుకొని ఆగుతుంది. 3:1 గేరు తర్వాత షాఫ్ట్‌కు అవి 18 చోట్లు, అంటే ప్రతి 20 డిగ్రీలకు ఒకటి అవుతాయి. మోటారును షాఫ్ట్‌కు కలిపే కప్లింగ్ వదులు చేసి, ఆ చోట్లలో ఒకదానిని సరిగ్గా అడ్డానికి కుదిర్చి బిగించగానే షాఫ్ట్ కుదురుగా నిలిచింది. అర చుట్టు అయిన 180 డిగ్రీలను 20 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి రెండో వైపూ అదే కుదురుతుంది.

ఇప్పుడు మిగిలినది పడవ ఒరుగుడు. పలుచని గాలికి పడవ 8 డిగ్రీలు ఒరిగినా, షాఫ్ట్ ఆగిన చోటు ఇక అడ్డం కాదు, కింది వైపుకు వచ్చిన రెక్క మళ్లీ 25 డిగ్రీలు తెరుచుకుంటుంది. రెక్కలను రబ్బరు ఉంగరంతో పట్టి ఉంచితే ముందుకు బాగానే ఉంది కానీ, వెనక్కి నడిపినప్పుడు అవి సగమే తెరుచుకొని పడవ ఆగడం లేదు. ఆ పద్ధతిని నేను ఎవరికీ సూచించను.

గోరి, ఫ్లెక్సోఫోల్డ్ సంస్థల మడత ప్రొపెల్లర్లలో రెండు రెక్కల మొదళ్లకు పళ్లు ఉంటాయి. ఆ పళ్ల వల్ల పై రెక్క బరువు కింది దాని బరువును సరితూచి, నీటి తోపుడు రెండింటినీ కలిపి మడిచేస్తుంది, షాఫ్ట్ ఎక్కడ ఆగిందన్న చింతే ఉండదు. తర్వాతి ప్రయత్నం అదే: 0.5 మాడ్యూల్ (పళ్ల పరిమాణపు కొలత) ఇత్తడి గేరును ముక్కలుగా కోసి, రెక్కల మొదళ్లకు వెండి టంకంతో అతికించమని తిరుపతిలో ఒక కంసాలిని అడిగాను. ఇరుసు పిన్నును 1.5 నుంచి 2 మిల్లీమీటర్లకు పెంచాలా అన్నది పళ్ల మధ్య వదులు ఎంత వస్తుందో చూశాక తేల్చుకుంటాను.