డంకన్ పుట్టిన ఊరు

బర్మింగ్‌హామ్‌లో డబుల్ డెక్కర్ బస్సెక్కి పైఅంతస్తులో ముందు సీట్లో కూర్చున్నాం, నేనూ మా తమ్ముడూ. ఫిబ్రవరి 21, ఉదయం. అద్దం మీద సన్నటి జల్లు పడుతోంది. ఇటుక ఇళ్ళ వరసలు అయిపోతాయేమో అనుకుంటే మళ్ళీ అవే మొదలవుతున్నాయి. ఒకప్పుడు బొగ్గుపొగతో, ఇనుప కొలుముల మసితో నిండి ఉండేదని ఈ ప్రాంతాన్ని ఇప్పటికీ బ్లాక్ కంట్రీ అంటారు.

"ఎప్పుడో 1958లో పోయిన మనిషి కోసం ఇంత దూరం వచ్చావా అన్నయ్యా?" అన్నాడు మావాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. వాడు ఇక్కడ ఉద్యోగం చేస్తూ నాలుగేళ్ళయింది గానీ ఫుట్‌బాల్ వాడికి పట్టదు.

మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాడు డంకన్ ఎడ్వర్డ్స్ ఆట నేను చూడలేదు. నా వయసు వాళ్ళెవరూ చూడలేదు. మిగిలిన చిత్రాలు నలుపు తెలుపువి, అవీ కొద్ది నిమిషాలే. నాకు తెలిసిందంతా చూసినవాళ్ళు చెప్పుకున్న మాటలే. ప్రపంచ కప్ గెలిచిన బాబీ చార్ల్‌టన్ అంతటివాడు, తనను చిన్నవాణ్ణని అనిపించిన ఆటగాడు డంకన్ ఒక్కడేనని బతికున్నన్నాళ్ళూ చెప్పాడు. ఆ మాట చదివినప్పటి నుంచి అతను పుట్టిన ఈ డడ్లీ ఊరు చూడాలని ఉంది. అదే చెప్పాను తమ్ముడితో.

రెండు వారాల ముందు మాంచెస్టర్ వెళ్ళి వచ్చాను. ఏటా ఫిబ్రవరి 6న యునైటెడ్ వాళ్ళ ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం బయట, మ్యూనిక్ స్మారక ఫలకం కింద జనం గుమిగూడతారు. పక్కనే గోడ మీద తేదీ, ఊరి పేరు రాసిన పెద్ద గడియారం. మధ్యాహ్నం 3 గంటల 4 నిమిషాలకు అంతమందీ ఒక్కసారి మౌనమైపోయారు. యూరోపియన్ కప్ క్వార్టర్ ఫైనల్లో బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్ జట్టుతో 3-3గా ఆడి వస్తున్న యునైటెడ్ జట్టు విమానం, ఇంధనం కోసం మ్యూనిక్‌లో ఆగి, రన్‌వే మీద పేరుకున్న మంచుబురదలో వేగం అందుకోలేక మూడో ప్రయత్నంలో కూలిపోయిన సమయం అది. 23 మంది పోయారు. వాళ్ళలో ఎనిమిది మంది యునైటెడ్ ఆటగాళ్ళు. ఏడుగురు అక్కడికక్కడే పోయారు. ఎనిమిదోవాడు డంకన్. విరిగిన కాళ్ళతో, పక్కటెముకలతో, దెబ్బతిన్న మూత్రపిండాలతో ఆసుపత్రిలో 15 రోజులు పోరాడి, ఫిబ్రవరి 21న కన్నుమూశాడు. వయసు 21. ఆ పదిహేను రోజుల్లో ఒకసారి తెలివి వచ్చినప్పుడు, శనివారం వుల్వ్స్ క్లబ్బుతో మ్యాచ్ ఎన్నింటికని అసిస్టెంట్ మేనేజర్ జిమ్మీ మర్ఫీని అడిగాడని చెబుతారు.

మాంచెస్టర్‌లో అందరినీ కలిపి తలచుకుంటారు. డడ్లీలో అతనొక్కడే. అందుకే ఈ రెండో ప్రయాణం.

కొండ మీద కోట కనిపించింది. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే మార్కెట్ వీధి. కూరగాయల దుకాణాల మధ్య కంచు విగ్రహం. 1999లో అతని తల్లి శారా ఆన్, బాబీ చార్ల్‌టన్ కలిసి దీన్ని ఆవిష్కరించారు. దిమ్మె దగ్గర అప్పటికే నాలుగైదు పూలగుత్తులు, తడిసిన కాగితాల్లో. సంచులు మోసుకెళ్తున్న ఒకావిడ ఆగి, పక్కకు ఒరిగిన గుత్తిని సరిచేసి, మళ్ళీ తన దారిన తను వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి ప్రయరీ ఎస్టేట్ దాకా నడిచాం. డంకన్ పెరిగింది ఆ పేటలోనే. బడిలో ఉన్నప్పుడు అతను మారిస్ జానపద నృత్యం కూడా చేసేవాడు. జాతీయ నృత్యోత్సవమూ, ఇంగ్లండ్ బడిపిల్లల జట్టు ఎంపికా ఒకేసారి వచ్చిపడితే ఎంపికకు వెళ్ళాడు. ఇంత బరువైన కుర్రాడు మైదానంలో అంత తేలిగ్గా ఎలా తిరిగేవాడని ఆశ్చర్యపోయినవాళ్ళకు ఆ నాట్యం సంగతి తెలిసి ఉండదు. వుల్వ్స్, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్, ఆస్టన్ విల్లా, మూడు పెద్ద క్లబ్బులు కూతవేటు దూరంలో ఉండగా ఇతను మాంచెస్టర్ యునైటెడ్‌ను ఎంచుకున్నాడు. 1953 ఏప్రిల్ 4న, 16 ఏళ్ళ 185 రోజుల వయసులో మొదటి లీగ్ మ్యాచ్. రెండేళ్ళు తిరిగేసరికి వెంబ్లీలో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్ జెర్సీ. అప్పటికి 18 ఏళ్ళ 183 రోజులు. యుద్ధం తర్వాత అంత చిన్న వయసులో ఇంగ్లండ్‌కు ఆడినవాడు 1998లో మైకేల్ ఓవెన్ వచ్చేదాకా ఇంకొకడు లేడు.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి పెద్దదేం కాదు. తమ్ముడు ముందే ఫోన్ చేసి ఉంచాడు కాబట్టి, ఒక పెద్దావిడ తాళంచెవితో ఎదురుచూస్తోంది. లోపల చలి. ఆవిడ దీపాలు వేయబోయి ఆగి, "వద్దు, ముందు ఇలాగే చూడండి" అంది.

రంగుల అద్దాల కిటికీలు రెండు. రెండింట్లోనూ డంకనే. ఒకదాంట్లో ఇంగ్లండ్ తెల్ల జెర్సీ, ఇంకోదాంట్లో యునైటెడ్ ఎరుపు. ఒకచోట ఒక మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. మా నాయకుడై దేవుడు మాతో ఉన్నాడు అనే అర్థం వచ్చే మాట ఒకటి రాసి ఉంది. 1961 ఆగస్టులో వూస్టర్ బిషప్ వీటిని ప్రతిష్ఠించినప్పుడు మేనేజర్ మాట్ బస్బీ వచ్చాడు. ప్రమాదంలో తనూ చావు అంచుదాకా వెళ్ళివచ్చిన మనిషి. తను పెంచిన కుర్రవాణ్ణి అద్దంలో బొమ్మగా చూడటం ఎలా ఉండి ఉంటుందో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు.

బయట మబ్బు కాస్త విడింది కాబోలు, ఎరుపు రంగు నేల మీదికి దిగింది. మా తమ్ముడు జేబులోంచి చేతులు తీసి నిలబడ్డాడు. కాసేపటికి, "నాకంటే చిన్నవాడు అన్నయ్యా" అన్నాడు.

శ్మశానవాటిక ఊరికి ఇంకో పక్క, క్వీన్స్ క్రాస్‌లో ఉంది. ఎవర్నీ దారి అడగనక్కర్లేకపోయింది. గేటు దగ్గర్నుంచే మఫ్లర్లు కనిపించాయి. మేం వెళ్ళేసరికి ఇరవై మంది దాకా ఉన్నారు. ఎరుపు రంగు మఫ్లర్లు సరే, అవి ఉంటాయని అనుకున్నదే. వుల్వ్స్ వాళ్ళ పసుపు నలుపు, ఆల్బియన్ వాళ్ళ నీలం తెలుపు చారలు కూడా కనిపించాయి. మైదానంలో ఒకరి నీడ ఒకరికి గిట్టని రెండు క్లబ్బుల వాళ్ళు ఒకే సమాధి దగ్గర భుజాలు ఆనించి నిలబడ్డారు.

నల్లటి రాయి. దాని మీద డంకన్ బొమ్మ చెక్కి ఉంది, త్రో-ఇన్ వేయబోతున్నట్టు రెండు చేతులతో బంతిని తల మీదికి ఎత్తి. కింద నాలుగు చిన్న కవిత పాదాలు: ఇది జ్ఞాపకాల రోజు, తలచుకుంటే దుఃఖం, వీడ్కోలు చెప్పకుండానే, అందరినీ వదిలి వెళ్ళాడు అని.

పసుపు మఫ్లర్ పెద్దాయన ఒకాయన మమ్మల్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చారు. ఎక్కడి నుంచి వచ్చామని అడిగి, చెప్పాక కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టారు. 1958 ఫిబ్రవరి 26న, అంత్యక్రియల రోజు, ఆయనకు తొమ్మిదేళ్ళట. "మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వీధికి రెండు వైపులా వేల మంది. అంతమంది ఉన్నా బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మగవాళ్ళంతా టోపీలు తీసేశారు. మా నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే."

"ఆయన ఆట చూశారా మీరు?"

"లేదు. మా నాన్న చూశారు. నాకు చెప్పారు. ఎడమకాలు, కుడికాలు, తల, ఏదైనా ఒకటేనట. ముందుకు వెళ్ళి గోల్ కొట్టేవాడు, మళ్ళీ వెనక్కి వచ్చి వాళ్ళ గోల్ ఆపేవాడు. జర్మనీ వాళ్ళు 'బూమ్ బూమ్' అని పేరు పెట్టారు, తెలుసా?"

తెలుసు. 1956లో బెర్లిన్‌లో పశ్చిమ జర్మనీ మీద కొట్టిన గోల్ తర్వాత వచ్చిన పేరు. అయినా తెలుసని చెప్పలేదు. ఆయన నోటి నుంచి వినడం బాగుంది. ఆర్సెనల్ మీద 5-4గా గెలిచిన మ్యాచ్ గురించీ చెప్పారు. ఇంగ్లండ్ గడ్డ మీద డంకన్ ఆడిన చివరి ఆట అదే, 1958 ఫిబ్రవరి 1న. అందులో మొదటి గోల్ అతనిదే. విమానం కూలింది సరిగ్గా అయిదు రోజులకు. మొత్తం 177 మ్యాచ్‌లు క్లబ్బుకు, 18 దేశానికి. అంతే.

పెద్దాయన చెప్పిన ఇంకో సంగతి నన్ను ఇంటికి వచ్చాక కూడా వదల్లేదు. డంకన్‌ను పూడ్చింది అతని చెల్లెలు క్యారల్ ఆన్ పక్కన. ఆ పాప 1947లో, పుట్టిన 14 వారాలకే పోయింది. ఆ తల్లిదండ్రులకు ఉన్నది ఇద్దరే పిల్లలు. తండ్రి గ్లాడ్‌స్టోన్ తర్వాతి రోజుల్లో ఇదే శ్మశానవాటికలో తోటపని చేశాడు. కొడుకు ఇక్కడున్నాడని ఈ పనిలో చేరాడని ఊరంతా అనుకుంది. అందుకు కాదు, వేరే పని కావలసి వచ్చింది, నాకు పూలంటే మొదటి నుంచీ ఇష్టం అని ఆయన చెప్పుకునేవాడట. రోజూ ఈ దారినే బండి తోసుకుంటూ వెళ్ళి ఉంటాడు. కొడుకు కోసం వచ్చిన అపరిచితులను చూసి ఉంటాడు. వాళ్ళు తెచ్చిన పూలు వాడిపోతే తీసేసేది ఆయనే అయి ఉంటుంది.

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పెద్దాయన సంచిలోంచి నీళ్ళ సీసా, గుడ్డ, పాత టూత్‌బ్రష్ తీశారు. ఆయనా ఇంకొందరూ వారానికి ఒకరు వచ్చి రాయి తుడుస్తారట. ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బివ్వరు. అక్షరాల్లో నాచు పట్టకుండా బ్రష్‌తో ఎలా రుద్దాలో చూపించి, గుడ్డ నా చేతికిచ్చారు. "పైన బంతి ఉంది చూడండి, నా చెయ్యి ఇప్పుడు అందాకా లేవడం లేదు."

తడిగుడ్డతో ముందు బంతి తుడిచాను. తర్వాత దాన్ని పట్టుకున్న చేతులు. రాయి చాలా చల్లగా ఉంది. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని కింది అక్షరాల్లో బ్రష్ తిప్పుతున్నాడు, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, చిన్నప్పుడు కాపీ రాసేటప్పటిలాగా.

మేం లేచేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. తుడిచిందంతా తడిసిపోతోందని నేను నొచ్చుకుంటే పెద్దాయన గుడ్డ పిండి సంచిలో పెట్టుకుంటూ, "పర్లేదు, వచ్చే వారం కూడా నా వంతే" అన్నారు.