చాచా ఇచ్చిన అడ్రస్, జఫరుల్లా ఖాన్ చదవని నమాజు

నెదర్లాండ్స్‌కి ఉద్యోగానికి వచ్చినోళ్ళకి ఈ గోల తెలిసే ఉంటది. రిజిస్టర్ అవ్వడానికి అడ్రస్ లేకపోతే బీఎస్ఎన్ నంబర్ (అక్కడ ప్రతి ఒక్కరికీ ఇచ్చే గుర్తింపు నంబర్) లేటు, అది లేకపోతే జీతం దగ్గర తిప్పలు, జీతం చూపించకపోతే ఇల్లు దొరకదు. నా రూమ్ ఓనర్ రిజిస్ట్రేషన్ కుదరదన్నాడు, కంపెనీ వాళ్ళు మెయిల్‌కి జవాబివ్వరు. అప్పుడు మా ఆఫీస్ క్యాంటీన్‌లో పనిచేసే పాకిస్తానీ చాచా, సలాం తప్ప పెద్దగా పరిచయం లేని మనిషి, మా ఇంట్లో ఉండు బేటా, ఆ అడ్రసే రాసుకో అన్నాడు. పైసా అడగలేదు. హైదరాబాద్‌లో మా సొంత చుట్టాలు కరెంట్ బిల్లు జిరాక్స్ ఇవ్వడానికే వెయ్యి ప్రశ్నలు వేస్తారు, అందుకే నాకు మైండ్ బ్లాంక్.

ఎందుకు చాచా ఇంత అంటే, చౌదరీ సాహెబ్ సంపాదించిందంతా పక్కోళ్ళ చదువులకే పెట్టేవాడు, మేమెంత అన్నాడు. చౌదరీ సాహెబ్ అంటే జఫరుల్లా ఖాన్, పాకిస్తాన్ మొదటి విదేశాంగ మంత్రి. చాచా వాళ్ళు అహ్మదీలు, అంటే తాము ముస్లింలమే అన్నా మిగతా ముస్లింలు చాలామంది ఒప్పుకోని శాఖ, ఆయనా అహ్మదీనే. ఇక్కడ హేగ్‌లో వీళ్ళ ముబారక్ మసీదుకి 1955లో పునాదిరాయి వేసింది ఆయనే, అప్పుడాయన ఇదే ఊళ్ళో అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జి.

ఈ పేరు నేను మలక్‌పేటలో మా తాత నోట తిట్టుగానే విన్నా. కశ్మీర్ మీద ఐక్యరాజ్యసమితిలో గంటలకు గంటలు మాట్లాడినోడు, మన హైదరాబాద్ గొడవ మీద కూడా భద్రతా మండలిలో మాట్లాడినోడు, ఇంకెలా వింటాం మరి. కానీ ఆయనే జనరల్ అసెంబ్లీకి 1962లో, ఇక్కడి కోర్టుకి 1970 నుంచి 73 దాకా అధ్యక్షుడు, రెండూ చేసిన మనిషి ఇంకొకరు లేరు. నమీబియాలో దక్షిణాఫ్రికా ఉండటం చట్టవిరుద్ధం అని 1971లో చెప్పిన కోర్టుకి పెద్ద ఆయనే. సరే, ఇవన్నీ ఒప్పుకున్నా.

ఒప్పుకోలేకపోయింది ఒక్కటే. జిన్నా చనిపోయింది 1948 సెప్టెంబర్ 11న, మన దగ్గర పోలీస్ యాక్షన్ మొదలవడానికి రెండ్రోజుల ముందు. కరాచీలో జనాజా నమాజు (పోయినోళ్ళ కోసం చేసే ప్రార్థన) జరుగుతుంటే ఈయన వచ్చి కూడా నమాజులో కలవకుండా పక్కనే ఉండిపోయాడట. పదవి ఇచ్చిన మనిషి పోతే! మా దగ్గర ఇలా ఉండదు చాచా అని గట్టిగానే వాదించా. మా నాన్న ఫ్రెండ్ వాళ్ళ అబ్బాజాన్ పోతే గల్లీ మొత్తం వెళ్ళింది, నాన్న నెత్తికి కర్చీఫ్ కట్టుకుని భుజం పట్టాడు, మా నానమ్మ పోతే ఆ అంకుల్ వాళ్ళు అంబర్‌పేట శ్మశానం దాకా వచ్చారు.

చాచా అంతా విని, మరి అక్కడ నమాజు చదివేటప్పుడు మీ నాన్న ఎక్కడున్నాడు అన్నాడు. ఎక్కడుంటాడు, పక్కన నిలబడ్డాడు. అది వేరు, మా నాన్న ముస్లిం కాదు కదా అన్నా. ఆ రోజు నమాజు చేయించిన షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ మమ్మల్ని కూడా అలాగే అనేవాడు, మతం వదిలేసినోళ్ళు అని, అలాంటాయన వెనక చౌదరీ సాహెబ్ ఎలా నిలబడతాడు అన్నాడు చాచా.

దీని మీద రాత్రి చాలాసేపు బుర్ర పాడు చేసుకున్నా. బయటోడిగా నిలబడటం మా నాన్నకి ఈజీ, ఎవరూ ఏమీ అనుకోరు. ఈయనేమో మంత్రి అయ్యుండి, అందరూ చూస్తుండగా తనే వెళ్ళి బయటోడి చోట నిలబడ్డాడు. 1953లో ఈయన్ని తీసెయ్యమని లాహోర్ తగలబడి మార్షల్ లా వచ్చింది, 1967లో హజ్ చేసొచ్చాడు, అయినా 1974లో వాళ్ళ పార్లమెంట్ అహ్మదీలు ముస్లింలు కాదని రాసేసింది. అంటే ఆయన నిలబడ్డ 26 ఏళ్ళకి రాజ్యాంగమే ఆ చోటు ఖాయం చేసింది. ఇంత జరిగినా చివరికి వెళ్ళి లాహోర్‌లోనే చనిపోయాడు, 1985లో. నాకైతే ఇది ఇంకా మింగుడు పడట్లేదు.

అయినా జనాజా సంగతిలో మాత్రం నేను తగ్గట్లా. ఎవరు చేయిస్తే ఏంటి, పోయినాయన మొహం చూసి ఒక్క ఐదు నిమిషాలు లైన్‌లో నిలబడితే ఏం పోయేది అనే అంటున్నా. చాచా నవ్వి ఇంకో కప్పు చాయ్ పోస్తాడు, ఆ చాయ్ గురించి అడక్కండి, మన ఇరానీ హోటల్‌లో గ్లాసులు కడిగిన నీళ్ళు నయం.