అద్దె ఇల్లు ఎంత అప్పు మోస్తుంది? భీమవరంలో నా అనుభవం

భీమవరంలో చినఅమిరం వైపు నాలుగు పోర్షన్ల డాబా మొన్ననే రిజిస్ట్రేషన్ అయింది. అమ్మేవాళ్ళు అడిగింది 80 లక్షలు, ఇచ్చింది 67కి. అద్దెల లెక్క కాగితం మీద పెడితేనే ఆ 13 లక్షలూ దిగాయి.

బ్రోకరు చెప్పిన లెక్క ఇది: కింద రెండు, పైన రెండు పోర్షన్లు, ఒక్కోటి 7,000, మేడ మీద పెంట్‌హౌసు 6,000. నెలకు 34,000, ఏడాదికి 4,08,000. పెట్టిన డబ్బుమీద 5 శాతం పైనే అన్నాడు.

నా లెక్కలో ముందు పెంట్‌హౌసు తీసేశాను, మంజూరైన ఇంటి ప్లానులో లేదు కాబట్టి. మిగిలింది 3,36,000. కాలేజీల చుట్టుపక్కల వేసవిలో టు-లెట్ బోర్డు తప్పదు, అందుకని ఒక నెల అద్దె 28,000 పోయిందనుకోవాలి. రంగులు, మోటారు, పైపులకు ఇంకో 28,000. ఆస్తి పన్ను, బీమా కలిపి 15,000. చేతికి మిగిలేది 2,65,000, అంటే నెలకు 22,000. 80 లక్షలకు 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా కలిపితే పెట్టుబడి 86 లక్షలు, రాబడి 3 శాతం చిల్లర.

9 శాతం వడ్డీకి 20 ఏళ్ళ లోను తీసుకుంటే లక్షకు నెలవాయిదా 900. నెలకు 22,000 మిగిల్చే ఇల్లు 24 లక్షల అప్పు మాత్రమే మోస్తుంది. బ్యాంకు 50 లక్షలు ఇస్తానన్నా, మిగతా 26 లక్షల వాయిదా 23,400 ప్రతి నెలా జీతంలోంచే కట్టాలి. బ్యాంకు చూసేది మన జీతం. ఇల్లు ఎంత మోస్తుందో మనమే చూసుకోవాలి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) సాఫీగానే వచ్చాయి. ఒరిజినల్ దస్తావేజులు మాత్రం కళ్ళతో చూడండి. ప్రైవేటుగా దస్తావేజు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఈసీలో కనపడదు.

అవమానం జరిగింది బ్యాంకులోనే. ఇంటికి విలువ కట్టే బ్యాంకు ప్యానెల్ ఇంజనీరు వచ్చి టేపు పట్టి కొలిచాడు. మంజూరైన ప్లాను గ్రౌండు, ఫస్టు ఫ్లోర్లకే. పెంట్‌హౌసుకు సున్నా వేశాడు, పక్కన వదలాల్సిన ఖాళీలోకి మెట్లు వచ్చాయని రాశాడు, మొత్తం విలువ 66 లక్షలన్నాడు. లోను చూసే అధికారి నలుగురి ముందూ "ప్లానులో లేని అంతస్తు చూపించి లోను అడుగుతారేంటండీ?" అన్నాడు. పెంట్‌హౌసును అగ్రిమెంటులో రాయించింది అమ్మేవాళ్ళ మనిషి, చీవాట్లు తిన్నది కొనేవాడు. అంతటితో ఆగలేదు. అద్దెలన్నీ చేతికే ఇస్తున్నారు, ఒక్క అద్దె ఒప్పందం కూడా లేదు, కనుక అద్దె ఆదాయం లెక్కలోకి రాదన్నాడు. వాళ్ళ నిబంధన సరైనదే. కానీ మొదటిరోజే ప్లాను కాపీ అడిగి ఉంటే సరిపోయేది. వాల్యుయేషన్ ఫీజు, లీగల్ ఫీజు కట్టించుకున్నాక చెప్పడం అన్యాయం.

ఆ రిపోర్టు పట్టుకునే అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. "ఏవండీ, పెంట్‌హౌసు అద్దె ఏడాదికి 72,000. మీ బ్రోకరు లెక్కలో 80 లక్షల మీద రాబడి 5.1 శాతం, ఆ ప్రకారమే దాని ధర 14 లక్షలు. మున్సిపాలిటీ ఒక్క నోటీసు ఇస్తే ఆ 14 లక్షలూ నావే పోతాయి" అన్నాను. రెండోసారి కూర్చున్నప్పుడు 67కి ఒప్పుకున్నారు.

బయానా ఇచ్చే ముందే మంజూరైన ప్లాను అడగండి. అద్దెలు చేతికి ఇస్తుంటే పోర్షన్ల వారీగా కరెంటు సర్వీసు నంబర్లు తీసుకుని, పాత బిల్లుల్లో నెలనెలా యూనిట్లు చూడండి. ఏ పోర్షన్ ఎన్ని నెలలు ఖాళీగా ఉందో అక్కడ తెలిసిపోతుంది. ప్లాను లోపం వల్ల గానీ హక్కు లోపం వల్ల గానీ లోను రాకపోతే బయానా తిరిగి ఇవ్వాలని అగ్రిమెంటులో రాయించండి. కొంత నగదు ఇమ్మంటే ఒప్పుకోకండి. స్థిరాస్తికి 20,000, ఆపైన నగదు తీసుకోవడం చట్టరీత్యా తప్పు. పైగా ఆ నగదు అగ్రిమెంటు ధరలోకి రాదు, అగ్రిమెంటు ధర, వాల్యుయేషన్‌లలో ఏది తక్కువైతే దాని మీదే లోను.

మన డెల్టా నేలకు ఇంకొన్ని చూడాలి. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచేస్తున్నారు, ఇంటి అరుగు రోడ్డుకంటే దిగువైతే వర్షాకాలం కింది పోర్షన్లలో అద్దెకున్నవాళ్ళు నిలవరు. గోడల అడుగున తెల్లగా ఉప్పు తేలి పెచ్చులు ఊడుతుంటే, రంగులకు వేసుకున్న 28,000 చాలదు. బోరునీళ్ళు నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే మోటారు, ఇనుప పైపులు త్వరగా తుప్పు పడతాయి, కాలువలకు నీళ్ళు ఆపేసిన వేసవిలో అద్దెకున్నవాళ్ళ గొడవ మొదలవుతుంది. కింద షాపు ఉంటే అందులో ఎవరున్నారో కనుక్కోండి. రొయ్యల మేత, మందుల దుకాణమైతే రొయ్య ధర పడిన ఏడాది ఖాళీ చేసే అవకాశం ఎక్కువ.

ధర 50 లక్షలు, ఆపైన అయితే కొన్నవాళ్ళే అమ్మినవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (అమ్మినవాళ్ళ ఆదాయపు పన్ను) కోసుకుని కట్టాలి. నాకు 67,000 అయింది. కరెంటు మీటర్లు, ఆస్తి పన్ను పేరు మార్పు ఇంకా మున్సిపల్ ఆఫీసులోనూ కరెంటాఫీసులోనూ నడుస్తున్నాయి.